రాయబారి వాక్కు – ఐదూళ్ళ మౌనం: తిక్కన ఉద్యోగపర్వం, రామదాసు కీర్తన, గోదావరి అడవి అంచు

వ్యాససంగ్రహం:

దౌత్యం నెరపిన వ్యక్తి జీవితానికీ సాహిత్యానికీ గల సంబంధాన్ని చర్చించేటప్పుడు విమర్శ సాధారణంగా ఆధునిక కాలపు విదేశీ కవుల వద్దనే ఆగిపోతుంది. తెలుగులో ఈ ప్రశ్నకు మూలస్థానం తిక్కన. మంత్రిగా, రాయబారిగా ప్రసిద్ధుడైన తిక్కన ఉద్యోగపర్వంలో రాయబారి మాటతీరును ఎట్లా మలిచాడు, ఆ మాటల్లో ఎవరికి చోటు లేకపోయింది అన్నవి ఈ వ్యాసంలోని ప్రధాన ప్రశ్నలు. నేలకొండపల్లి, భద్రాచలం, గోదావరి తీరపు కోయగూడేలతో కూడిన ప్రాంతపు వాఙ్మయాన్ని పక్కన పెట్టి చూస్తే ఆ లోటు స్పష్టమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దౌత్యం, రాయబారం, తిక్కన, ఉద్యోగపర్వం, రామదాసు, నేలకొండపల్లి, భద్రాచలం, కోయలు, డోలీలు.

1. ఉపోద్ఘాతం

రాయబారిగా పనిచేసిన కవి అనగానే నేటి సాహిత్య విద్యార్థికి పాబ్లో నెరూడా గుర్తుకు వస్తాడు. 1927లో చిలీ దేశపు కాన్సల్‌గా రంగూన్‌కు వచ్చి, ఆ తరువాత కొలంబోలో, బటావియాలో గడిపిన ఒంటరి సంవత్సరాలు అతని కవిత్వాన్ని మార్చివేశాయి. ఆక్టావియో పాజ్ 1962 నుండి 1968 వరకు ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉన్నాడు. తన దేశంలో విద్యార్థులపై జరిగిన కాల్పులకు నిరసనగా ఆ బాధ్యత నుండి తప్పుకున్నాడు. ఈ ఇద్దరి విషయంలోనూ విమర్శకులు చూపే సంబంధం ఒకే తీరులో ఉంటుంది. ఉద్యోగం కవిని దూరదేశానికి పంపింది, దూరదేశం కొత్త దృశ్యాన్ని ఇచ్చింది, కొత్త దృశ్యం కొత్త కవిత్వమయింది.

ఈ నమూనా తెలుగుకు సరిపోదు. మన సంప్రదాయంలో రాయబారి అంటే దూరదేశంలో కాపురముండే ఉద్యోగి కాడు. ఒక పని మీద వెళ్ళి, ఒక మాట చెప్పి, ఒక జవాబు తెచ్చేవాడు. అతని వృత్తి మొత్తం మాటలోనే ఉంది. కాబట్టి దౌత్యజీవితం సాహిత్యానికి ఏమిచ్చిందని అడగవలసి వస్తే, కవి చూసిన కొత్త ప్రదేశాల కన్నా అతనికి అలవడిన మాటతీరును వెతకడం మేలు. తెలుగువాడి నిత్యవ్యవహారంలో కూడా ఈ పదం మాట చుట్టూనే తిరుగుతుంది. పెళ్ళి సంబంధం కుదర్చబోయినవాడినీ, అన్నదమ్ముల పంపకాల మధ్య దూరినవాడినీ ‘రాయబారాలు నడుపుతున్నాడు’ అనే అంటాం. అనేటప్పుడు ఆ మాటలో కొంత అనుమానం కూడా ఉంటుంది.

ఈ చర్చకు ఖమ్మం–భద్రాచలం ప్రాంతాన్ని ఎంచుకోవడానికి కారణం నేలకొండపల్లి. ఇది భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచెర్ల గోపన్న జన్మస్థలం. విరాటరాజు కొలువు తీరిన ఊరు ఇదేనని స్థానికుల నమ్మకం. విరాటరాజు గద్దె అనీ కీచకగుండం అనీ పిలిచే చోట్లు ఇక్కడ చూపుతారు. పురావస్తు తవ్వకాలలో ఇక్కడ బయటపడినవి బౌద్ధ స్తూప, విహార అవశేషాలు. మత్స్యదేశపు రాజధానిగా పండితులు గుర్తించే రాజస్థాన్‌లోని బైరాట్‌లోనూ బౌద్ధ అవశేషాలే ఉండటం ఆసక్తికరం. స్థలపురాణం చరిత్ర కాదు. అయినా అది సాహిత్యానికి ఒక చిరునామా ఇస్తుంది. ఉద్యోగపర్వంలోని రాయబారాలకు పాండవుల వైపు స్థానం విరాటుని దేశంలోని ఉపప్లావ్యం. ఈ ప్రాంతపు జ్ఞాపకంలో కృష్ణుని రథం బయలుదేరింది తమ నేల నుండే.

2. తిక్కన రాయబారం

తిక్కన నెల్లూరు పాలకుడైన మనుమసిద్ధికి మంత్రి. నిర్వచనోత్తర రామాయణాన్ని ఆ ప్రభువుకే అంకితమిచ్చాడు. విరాటపర్వం మొదలు పదిహేను పర్వాల భారతాన్ని మాత్రం హరిహరనాథునికి అంకితం చేశాడు. దాయాదుల చేతిలో మనుమసిద్ధి రాజ్యం కోల్పోయినప్పుడు తిక్కన ఓరుగల్లుకు వెళ్ళి కాకతి గణపతిదేవుని సాయం కోరాడనీ, కాకతీయ సైన్యం మనుమసిద్ధిని తిరిగి నిలబెట్టిందనీ కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. కూచిమంచి జగ్గన సోమదేవరాజీయంలోనూ ఈ కథ ఉంది. రెండూ తిక్కనకు చాలా తరువాతి రచనలు. వాటిలోని ప్రతి వివరాన్నీ చరిత్రగా స్వీకరించనక్కరలేదు.

ఆ కథనంలో విమర్శకు పనికివచ్చే అంశం ఒకటుంది. తిక్కన ఓరుగల్లు సభలో కవిగా, పండితునిగా గౌరవం పొందుతాడు, భారతకథ వినిపిస్తాడు, ఆ తరువాతనే ప్రభువు పని నెరవేరుతుంది. రాయబారానికి సాహిత్యమే వాహనమయిందన్నమాట. తిక్కన దౌత్యానుభవం వల్లనే ఉద్యోగపర్వం అంత గొప్పగా వచ్చిందని అనడం మనకు అలవాటు. కాలక్రమాన్ని నిరూపించలేని చోట అట్లా తేల్చి చెప్పడం తొందరపాటు. సాహిత్యం దౌత్యానికి ఉపకరించిందన్న జ్ఞాపకాన్ని మాత్రం సంప్రదాయం భద్రపరిచింది. జీవితం నుండి కావ్యానికి ఒక్క దిశలోనే దారి ఉంటుందన్న భావనను ఇది సవరిస్తుంది.

రాజ్యం పోగొట్టుకున్న ప్రభువు తరఫున, తమకంటె బలవంతుడైన రాజు సభలో నిలబడటం అర్థి పని. ఉద్యోగపర్వంలో పాండవుల స్థితి కూడా రాజ్యం పోగొట్టుకున్నవారి స్థితే. కృష్ణుడు మాత్రం అర్థిగా వెళ్ళడు. ఈ తేడాను గమనిస్తే తిక్కన జీవితానికీ కావ్యానికీ మధ్య సాదృశ్యాన్ని అద్దంలో ప్రతిబింబంలా చూపే ప్రయత్నం నిలవదు. దౌత్యపు పనితనం తెలిసిన కవి ఆ కథను ఎక్కడ బిగించాడు, ఎక్కడ వదిలాడు అన్నది చూడవలసి ఉంటుంది.

3. ఎప్పుడు చెప్పాలి, ఏది చెప్పకూడదు

కౌటిల్యుడు దూతలను మూడు తరగతులుగా విభజించాడు. సర్వాధికారాలు గల నిసృష్టార్థుడు, పరిమితమైన అధికారం గల పరిమితార్థుడు, ఇచ్చిన లేఖను లేదా సందేశాన్ని చేరవేసే శాసనహరుడు. కృష్ణుణ్ణి మొదటి తరగతిలో, సంజయుణ్ణి రెండవ తరగతిలో, యుద్ధానికి ముందు దుర్యోధనుని పరుషవాక్కులు మోసుకొచ్చే ఉలూకుణ్ణి మూడవ తరగతిలో పెట్టడం తరగతి గదిలో సులువు. కావ్యంలో అంత సులువుగా ఇమడరు.

సంజయుని సంగతి చూద్దాం. ధృతరాష్ట్రుడు అతన్ని ఉపప్లావ్యానికి పంపేటప్పుడు శాంతి గురించి చాలా చెబుతాడు, రాజ్యభాగం గురించి ఏమీ చెప్పడు. ఇవ్వడానికి చేతిలో ఏమీ లేకుండా మంచిమాటలతో పంపబడిన రాయబారి సంజయుడు. అతడు తిరిగివచ్చి రాత్రివేళ రాజును ఏకాంతంగా కలుస్తాడు. రాజు నడతను నిందిస్తాడు. ధర్మరాజు చెప్పిపంపిన మాటలను మాత్రం అప్పుడు చెప్పడు. ప్రయాణపు బడలిక తీర్చుకుంటాననీ, రేపు సభలో అందరూ వింటుండగా చెబుతాననీ సెలవు తీసుకుంటాడు. పంపిన రాజుకే జవాబును ఒక రాత్రి పాటు దాచి ఉంచడం ఏ తరగతి దూత లక్షణం? ఏకాంతంలో చెప్పిన మాటను రాజు మింగివేయగలడు. సభలో చెప్పిన మాటకు సాక్షులుంటారు. సంజయుడు మాటకు వేళనూ వేదికనూ తానే ఎంచుకున్నాడు. అతని అధికారం ఇక్కడ ఉంది.

ఈ కల్పన వ్యాసునిదే. అయితే మూలంలో ఆ రాత్రికీ మరునాటి సభకూ నడుమ ఎనిమిది అధ్యాయాల విదురనీతి, ఆపైన సనత్సుజాతీయం ఉన్నాయి. నిద్రపట్టని రాజు కోసం అవి వచ్చాయి. కాని అవి ముగిసేసరికి పాఠకుడు సంజయుణ్ణి మరచిపోయే ప్రమాదముంది. తాత్త్విక, నీతి భాగాలను కుదించి సంభాషణకు చోటు పెంచడం తిక్కన అనువాద పద్ధతి అని విమర్శకులు తరచుగా గుర్తించారు. భీష్మపర్వంలో భగవద్గీతకు అతడు కేటాయించిన స్వల్పమైన స్థలం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ కుదింపును భక్తి, తత్త్వ దృష్టితో చూసినవారికి అది లోటుగా కనిపించింది. దౌత్యదృష్టితో చూస్తే దాని ప్రయోజనం వేరు. తెలుగులో ఆ రాత్రి చిన్నదవుతుంది. ఆపిన మాట ఆగినట్లే చెవిలో ఉండగా తెల్లవారుతుంది. సందేశాన్ని ఎంతసేపు నిలిపి ఉంచాలో తెలిసినవాడు చేసిన కత్తిరింపు ఇది అని నా అభిప్రాయం.

కృష్ణ రాయబారంలో విషయం మరింత చిక్కనిది. బయలుదేరే ముందే అతనికి ఇంటివారి నుండి ఒక్క మాట అందదు. భీముడు అనూహ్యంగా మెత్తబడతాడు. సహదేవుడు యుద్ధమే కావాలంటాడు. ద్రౌపది తన జుట్టు చేతబట్టి చూపి అడుగుతుంది. తెలుగు పాఠకుల నోట నిలిచిన తిక్కన పద్యాలలో ఆ సన్నివేశపు పద్యాలు ముందుంటాయి. పంపేవారిలోనే ఏకాభిప్రాయం లేనప్పుడు రాయబారి ఎవరి మాట మోసుకెళ్ళాలి? హస్తినాపురంలో అతడు దుర్యోధనుని విందు నిరాకరిస్తాడు. పని నెరవేరిన తరువాతనే దూతలు ఆతిథ్యం స్వీకరిస్తారన్నది అతడు చూపే కారణం. విదురుని ఇంట ఆ రాత్రి ఇంకో సంగతి బయటపెడతాడు. సంధి కుదరదని తెలిసే వచ్చాడు. ఆపగలిగి ఉండి ఆపలేదన్న నింద రాకుండా వచ్చాడు. ఆ లెక్కన మరునాటి సభలో ధృతరాష్ట్రుణ్ణి ఉద్దేశించి చేసిన ప్రసంగానికి అసలు శ్రోతలు సభలోని రాజులు, మునులు, యుద్ధం తరువాత తీర్పు చెప్పబోయే లోకం.

సభ విఫలమైన తరువాత కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకొని ఊరి వెలుపలికి తీసుకుపోతాడు. అక్కడ మాట్లాడేవాడు అదే కృష్ణుడు. భాష వేరు. జన్మరహస్యం చెబుతాడు, రాజ్యం ఇస్తామంటాడు. కర్ణుడు నిరాకరించి, ఈ సంగతి ధర్మరాజుకు తెలియనీయవద్దని కోరతాడు. ఉపప్లావ్యానికి తిరిగివచ్చిన కృష్ణుడు సభలో జరిగినదంతా పాండవులకు చెబుతాడు. కర్ణుని సంగతి చెప్పడు. స్త్రీపర్వంలో కుంతి నోరు విప్పేదాకా ధర్మరాజుకు అది తెలియదు. ఉద్యోగపర్వంలోని అతి పెద్ద రాయబారం చేరవేయని సందేశంతో ముగుస్తుంది. తనను పంపినవారికి రాయబారి బాకీపడిన ఆ మాట బరువు యుద్ధపర్వాలన్నింటి మీద ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయాలు ఈ ఘట్టాన్ని రంగస్థలం మీదికి తెచ్చాయి. తెలుగు పల్లెల్లో, ఖమ్మం జిల్లా పల్లెలతో సహా, రాయబార సన్నివేశం అంటే హార్మోనియం, పద్యం, వన్స్‌మోర్. రంగస్థలం రాయబారిని వక్తగా మార్చింది. వాదంలో ఎదుటివాణ్ణి చిత్తు చేసేవాడే గొప్ప రాయబారి అనే భావం జనంలో స్థిరపడింది. తిక్కన నిలిపి ఉంచిన మాటలకూ, దాచిన మాటలకూ ఆ వేదిక మీద చోటు దొరకలేదు. అయితే ఐదూళ్ళు అన్న మాటను ప్రతి తెలుగువాడికీ సొంతం చేసినవి ఆ నాటకాలే.

4. ఐదూళ్ళు

అర్ధరాజ్యం కాకపోతే ఐదుగురికీ ఐదూళ్ళు చాలునని ధర్మరాజు సంజయునితో చెప్పి పంపుతాడు. వ్యాసభారతంలో నాలుగింటికి పేర్లున్నాయి: అవిస్థలం, వృకస్థలం, మాకంది, వారణావతం. ఐదవది ఏదైనా సరే. ఊళ్ళ పేర్లకు పాఠభేదాలున్నాయి. ఆ ఐదవ ఊరికి పేరైనా లేకపోవడం గమనించదగినది. పంపకంలో ఊరు ఒక సంఖ్య.

ఈ ఊళ్ళలో ఒకదానికి మాత్రం మనుషులున్నారు. వ్యాసభారతంలో కృష్ణుడు హస్తినాపురానికి వెళుతూ దారిలో వృకస్థలంలో రాత్రి బస చేస్తాడు. ఊరిలోని బ్రాహ్మణులు ఎదురువచ్చి ఆతిథ్యమిస్తారు. దుర్యోధనుడు దారి పొడవునా ఏర్పాటు చేయించిన విడిది మంటపాలను కృష్ణుడు తిరిగైనా చూడడు. రాయబారి తాను అడగబోతున్న ఊరిలోనే తిని, పడుకొని, తెల్లవారి లేచి వెళ్ళాడు. ఆ ఊరివాళ్ళు ఎవరి ఏలుబడిలో ఉండదలచారన్న ప్రశ్న అతడు వేయలేదు. కావ్యమూ వేయలేదు. ఆ కాలపు రాజనీతిలో ఆ ప్రశ్నకు తావు లేదని చెప్పి దాటవేయవచ్చు. కాని ఊరివారి పలకరింపు దాకా తీసుకువచ్చిన కావ్యం అక్కడ ఆగిపోవడం ఉద్యోగపర్వపు హద్దును చూపిస్తుంది. రాయబార సాహిత్యంలో పంపేవాడికీ వినేవాడికీ మోసేవాడికీ గొంతు ఉంది. ఎవరి గురించి బేరం జరుగుతున్నదో వారికి లేదు.

ఈ పఠనం ఖమ్మం–భద్రాచలం పాఠకునికి ఊహ మాత్రమే అనిపించదు. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా అప్పటి ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది, దాని చుట్టూ ఉన్న పల్లెలు అటు వెళ్ళాయి. వాటిలో పట్టణానికి ఆనుకొని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు గ్రామాలను తిరిగి ఇవ్వాలన్న కోరిక అప్పటినుండీ వినిపిస్తున్నది. 2022 జూలైలో గోదావరి వరద తరువాత అది మరింత గట్టిగా వినిపించింది. లెక్కిస్తే ఇవీ ఐదూళ్ళే. రెండు సోదర రాష్ట్రాల మధ్య ఐదూళ్ళ మాట. ఈ పోలికను పత్రికా శీర్షికల చమత్కారానికి పరిమితం చేయకుండా ఒక్క ప్రశ్నకు ఉపయోగించుకుంటే చాలు. ఈ ఊళ్ళు తమ మాట తామే చెప్పుకునే సాహిత్య రూపం ఈ నేల మీద ఎప్పుడైనా పుట్టిందా?

5. గోపన్న: బేరంలోని వస్తువే మాట్లాడితే

కంచెర్ల గోపన్న మేనమామలు అక్కన్న, మాదన్నలు. 1672లో గోల్కొండ సింహాసనమెక్కిన అబుల్ హసన్ తానీషా పాలనలో మాదన్న ప్రధానమంత్రి. 1677లో శివాజీ గోల్కొండకు వచ్చినప్పుడు కుదిరిన ఒప్పందం వెనుక ఉన్నది మాదన్న నీతి. మొఘలుల ఒత్తిడికీ మరాఠాల బలానికీ మధ్య ఒక చిన్న రాజ్యాన్ని మాటలతో నిలబెట్టిన ఈ సోదరులు 1686లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది గోల్కొండ ఔరంగజేబు వశమయింది. పదిహేడవ శతాబ్దపు దక్కనులో దౌత్యజీవితం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఈ కుటుంబం కన్నా మంచి ఉదాహరణ లేదు.

మేనల్లుడు పాల్వంచ పరగణాకు తహసీల్దారు. వసూలయిన సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ చెరసాలకు వెళ్ళాడు. అతని కీర్తనలను భక్తి దృష్టితో చాలామంది చదివారు. ఆ వాక్యాల్లో రెవెన్యూ ఉద్యోగి చెయ్యి కూడా ఉంది. సీతారామలక్ష్మణులకు చేయించిన నగలను ఒక్కొక్కటిగా పేర్కొని, వాటికి పట్టిన ఖర్చు చెప్పి, దేవుణ్ణే నిలదీసే ప్రసిద్ధ కీర్తన నిజానికి ఒక జమాఖర్చుల నివేదిక. ప్రభుత్వానికి ఇవ్వవలసిన లెక్కను అతడు దేవుడికి ఇచ్చాడు. దెబ్బల బాధకు తిట్టానని క్షమాపణ వేడుకోవడంలోనూ అర్జీ రాసే ఉద్యోగి జాగ్రత్త కనిపిస్తుంది.

రాయబార ప్రస్తావన నేరుగా వచ్చేది, తనను కాపాడమని రాముడితో చెప్పవలసిందిగా సీతమ్మను వేడుకునే కీర్తనలో. శ్రీవైష్ణవంలో దీన్ని పురుషకారమంటారు. అమ్మవారు జీవుని పక్షాన స్వామితో మాట్లాడుతుంది. సిద్ధాంతం సరే, ఇక్కడి సాహిత్య రూపాన్ని చూడాలి. ఏకాంతవేళ, ముద్దుముచ్చట్ల నడుమ, భర్త ప్రసన్నంగా ఉన్న సమయం చూసి తన మాట చెప్పమంటాడు గోపన్న. సంజయుడు సభను ఎంచుకున్నాడు, గోపన్న ఏకాంతాన్ని ఎంచుకున్నాడు. ఇద్దరికీ మాట విలువ వేళను బట్టి ఉంటుందని తెలుసు. తేడా ఒక్కటే. ఇక్కడ రాయబారిని పంపుతున్నవాడు ఏ రాజూ కాడు. సంకెళ్ళలో ఉన్న ఖైదీ, అంటే ఎవరి గురించి బేరం జరగాలో ఆ మనిషే. వృకస్థలం నోరు తెరిస్తే ఎట్లా ఉంటుందో ఈ కీర్తనలో వినవచ్చు.

ఐతిహ్యం దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయింది. రామలక్ష్మణులు బంటుల వేషంలో వెళ్ళి తానీషాకు సొమ్ము చెల్లించి రసీదు తీసుకున్నారట. దేవుడు రాయబారిగా వెళ్ళినా రసీదు లేకుండా తిరిగిరాకపోవడం ఈ కథలో నాకు నచ్చిన అంశం. పాలనా వ్యవస్థ గురించి తెలిసిన సమాజమే అట్లాంటి కథ కట్టగలదు. శ్రీరామనవమినాడు ప్రభుత్వం తరఫున ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు భద్రాచలం చేరే ఆనవాయితీని జనం తానీషా కాలానికే ముడిపెడతారు. రాజ్యం దేవునికి పంపే ఆ కానుక కూడా ఒక దౌత్య మర్యాదే.

6. నది అవతలి గొంతు

గోపన్నకు రాయగలిగిన భాష ఉంది, రాజధానిలో మేనమామలున్నారు. అడవిలోని కోయలకు ఆ రెండూ లేవు. సమ్మక్క–సారలమ్మల కథలో కరవు వల్ల కప్పం కట్టలేని మేడారం పాలకుడు పగిడిద్దరాజు మీదికి వచ్చేది కాకతీయ సైన్యం. కొడుకు జంపన్న సంపెంగవాగులో ప్రాణం విడుస్తాడు. సాధారణంగా వినిపించే కథనంలో కప్పం నిరాకరణకూ యుద్ధానికీ మధ్య రాయబార ఘట్టం వికసించదు. తిక్కన భారతం వినిపించి ప్రభువు పని చక్కబెట్టుకున్నాడని చెప్పే ఓరుగల్లు సభ ఇదే వంశానిది. నెల్లూరు నుండి వచ్చిన కవికి తలుపు తెరిచిన రాజ్యం, అడవి నుండి వచ్చే మాటకు సైన్యాన్ని పంపిన రాజ్యంగా కోయల జ్ఞాపకంలో మిగిలింది. కాకతీయ చరిత్రకారులు ఈ ఐతిహ్యాన్ని ఎట్లా తూచినా, రెండు జ్ఞాపకాలనూ పక్కపక్కన పెట్టి చదవవలసిన బాధ్యత సాహిత్య పరిశోధకునిది.

అడవి మాటను ప్రభుత్వానికి చేరవేయడానికి బయటివాడొకడు పూనుకున్న సందర్భం ఉంది. ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శత్రుదేశపు పౌరుడిగా హైదరాబాదు సంస్థానపు హద్దుల్లోనే ఉండవలసి వచ్చింది. ఆ నిర్బంధమే అతన్ని గోదావరి కొండరెడ్ల వద్దకు, గోండుల వద్దకు చేర్చింది. పాపికొండల రెడ్ల మీద అతని గ్రంథం, నిజాం ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికల సంపుటం రెండూ 1945లో వెలువడ్డాయి. సొంత దేశపు దౌత్యం కూలిపోయిన మనిషి కొండరెడ్లకు నిజాం కొలువులో మాట సాయమయ్యాడు. ఆ నివేదికల్లో నిజాయితీ ఉంది, పాలనను కదిలించే శక్తి ఉంది. అయినా అవి పరిమితార్థుని మాటలే. తనను పంపనివారి తరఫున మాట్లాడేవాడు వారి కోరికను తన భాషలోకి, ప్రభుత్వం వినగల భాషలోకి మార్చక తప్పదు.

కోయలకు సొంత వాహకులు లేకపోలేదు. డోలీలు పడిగె అనే మూడు మూలల బొమ్మల గుడ్డను నిలిపి, డోలు వాయిస్తూ ఇంటిపేర్ల, గోత్రాల, వేల్పుల కథలు చెబుతారు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకినె రామచంద్రయ్య ఈ కళకు 2022లో పద్మశ్రీ అందుకొని, 2024లో కన్నుమూశాడు. డోలీ ఏ రాజసభకూ వెళ్ళడు. పూర్వీకుల మాటను వారసులకు అందిస్తాడు. కోయ, తెలుగు రెండింటిలోనూ ఆ కథనం సాగుతుంది. రాయబారికి ఉండవలసిన లక్షణాలన్నీ, అంటే జ్ఞాపకం, ప్రామాణికత, ఎవరి ముందు ఏ కథ చెప్పాలన్న వివేకం, ఇతనికి ఉన్నాయి. అవతల వినే రాజు మాత్రం లేడు. ఏ ఊరు ఏ గోత్రానిది, ఏ వేల్పు ఏ గట్టు మీద వెలసింది అన్న సమాచారం ఆ పాటలో ఉంటుంది. మండలాల సరిహద్దులు గీసే కాగితంలో అది ఉండదు.

తెలుగు విభాగాలలో రాయబారాల మీద జరిగే పరిశోధన ఎక్కువగా ఉద్యోగపర్వం, పద్యనాటకం, రామాయణంలోని హనుమ, అంగద రాయబారాల చుట్టూ తిరుగుతున్నది. డోలీ కథనాలను జానపద విభాగానికీ, రామదాసు కీర్తనలను సంగీత, భక్తి విభాగాలకూ అప్పగించాము. ఈ విభజన వల్ల ఒకే నేల మీద ఒకే ప్రశ్నకు వచ్చిన మూడు జవాబులు ఎదురెదురుగా నిలబడటం లేదు. కూనవరంలో, వెలేరుపాడు వైపు గూడేలలో, ముంపు వల్ల కొత్త కాలనీలకు చేరుతున్న కుటుంబాలలో ఈ కథలను ఊరి పేర్లతో సహా ఇప్పుడే నమోదు చేయవలసి ఉంది. ఊరు మారితే కథలోని గట్టు, వాగు పేర్లు చెప్పేటప్పుడు చూపించడానికి డోలీ ఎదుట ఏమీ ఉండదు.